పిల్లల పత్రిక: పాఠం ఎంత, ప్రకటన ఎంత?

పిల్లల కోసం ఒక మాసపత్రికకు చందా కట్టదలచిన తల్లిదండ్రులు సాధారణంగా రెండు విషయాలు చూస్తారు: అందులో వ్యాపార ప్రకటనలు ఎన్ని ఉన్నవి, చదువుకు పనికివచ్చే సంగతులు ఎన్ని ఉన్నవి. మొదటివి తక్కువగాను, రెండవవి ఎక్కువగాను ఉంటే పత్రిక మంచిదని తేల్చుకుంటారు. పేజీలు లెక్కపెట్టి తీర్పు చెప్పే ఈ పద్ధతి సులువైనదే. కాని పిల్లవాడు పత్రికను పేజీల లెక్కన చదవడు. అతనికి కథ, బొమ్మ, పొడుపుకథ, బిస్కెట్ల ప్రకటన అన్నీ ఒకే చేతి నుంచి వచ్చిన కానుకలు. అమ్మానాన్నలు డబ్బిచ్చి కొని చేతిలో పెట్టిన పుస్తకంలో ఉన్నదంతా వారు ఒప్పుకున్నదేనని అతడు అనుకుంటే అందులో అతని తప్పేమీ లేదు. కాబట్టి పిల్లల పత్రికను విమర్శించేటప్పుడు ప్రకటనలు ఎన్ని అనే ప్రశ్న కన్నా, ఏ పేజీ ఏమిటో పిల్లవాడికి తెలిసేటట్లు ఉన్నదా అనే ప్రశ్న ముందు రావాలని నా అభిప్రాయం. ఆ కొలతతో మనకు తెలిసిన కొన్ని పత్రికలను చూద్దాం.

తెలుగు ఇళ్లలో ఈ మాట ఎత్తగానే చందమామ గుర్తుకు వస్తుంది. 1947 జూలైలో మద్రాసు నుంచి నాగిరెడ్డి, చక్రపాణి గార్లు తెలుగు, తమిళ భాషలలో మొదలుపెట్టిన ఈ పత్రిక తరువాత పదికి పైగా భాషలలో వెలువడినది. 1952 నుంచి 1980లో కన్నుమూసే వరకు కొడవటిగంటి కుటుంబరావు గారు అందులో పనిచేసి దాని వచనాన్ని తీర్చిదిద్దారు. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు మాట్లాడుకునే ముస్లిం పిల్లలలో చాలామందికి తడబడకుండా చదవగల తెలుగు అబ్బినది ఈ పత్రిక వల్లనే. పాఠ్యపుస్తకం ఆ పని చేయలేకపోయినది. చందమామ తన అట్ట మీద విద్యాబోధన చేస్తామని చాటుకోలేదు. చిన్న వాక్యాలు, అందరికీ తెలిసిన మాటలు, చదివిన కొద్దీ ముందుకు లాగే కథ: ఇవి ఉన్నవి, చదువు వాటి వెంట వచ్చింది.

పాత సంచికలు తీసి చూడండి. ప్రకటనలు లేకపోలేదు. మిఠాయిలు, రంగుల పెట్టెలు, పళ్లు తోముకునే పేస్టులు అన్నీ ఉన్నవి. అయితే అవి చాలావరకు అట్టల మీద, మొదటి చివరి పేజీలలో ఉండేవి. విక్రమార్కుడు శవాన్ని భుజాన వేసుకొని శ్మశానం కేసి బయలుదేరిన తరువాత దారిలో ఎవరూ అడ్డుపడి మిఠాయి అమ్మజూపేవారు కాదు. దుకాణం గుమ్మం బయట ఉండేది, కథ ఇంటి లోపల సాగేది. పిల్లవాడు గుమ్మం దాటి లోపలికి వచ్చాడంటే ఇక దుకాణదారు మాట వినిపించదు. సంపాదకులు దీనిని ఒక నియమంగా పెట్టుకున్నారో, అచ్చు యంత్రాల సౌకర్యం కోసం అలా జరిగిందో చెప్పడం నా పని కాదు. ఫలితం మాత్రం మంచిది.

ఆ ప్రకటనల డబ్బే లేకపోతే ఆ వెలకు ఆ రంగుల బొమ్మలు వచ్చేవి కావు. ఇది ప్రకటనలను తిట్టిపోసేవారు తరచు మరచిపోయే విషయం. పత్రిక ఖర్చును ఎవరో ఒకరు భరించాలి. వ్యాపారి భరించకపోతే పాఠకుడు భరించాలి. దర్జీ పని చేసుకునే తండ్రి, బీడీలు చుట్టే తల్లి తమ పిల్లలకు ఒక పత్రిక కొనిపెట్టగలిగారంటే, లేదా అద్దె పుస్తకాల దుకాణంలో తీసి ఇవ్వగలిగారంటే, ఆ అట్ట వెనుక అచ్చయిన మిఠాయి బొమ్మకు అందులో వాటా ఉన్నది. ప్రకటన ఒక్కటి కూడా ఉండరాదని పట్టుబట్టడం కలిగిన ఇంటివారికి తేలిక.

చందమామ మీద నాకు వేరొక ఫిర్యాదు ఉన్నది. నేను చదివినంతవరకు అందులో ముస్లిం పాత్ర ఎదురైనప్పుడల్లా అది దాదాపు బాగ్దాదులోనో బస్రాలోనో ఉండేది, కర్నూలులోనో గుంటూరులోనో ఉండేది కాదు. ఖలీఫా, మాంత్రికుడు, ఓడ వర్తకుడు కనిపించేవారు. పక్కింటి కరీమ్ కనిపించేవాడు కాదు. న్యాయంగా చెప్పాలంటే ఆ పత్రిక లోకమంతా పాతకాలపు రాజ్యాలలో నడిచేది గనుక పక్కింటి రాముడు కూడా ఎక్కువగా కనిపించేవాడు కాదు. అయినా తన పేరు, తన ఇంటి పండుగ, తన తల్లి మాటతీరు అచ్చులో ఎప్పుడూ చూడని పిల్లవాడు ఆ భాషను అతిథిగానే చదువుతాడు. ప్రకటనలను లెక్కించే తల్లిదండ్రులు ఈ లెక్క కూడా వేయాలి. పత్రికలో ఏమి ఉన్నదన్నది ఎంత ముఖ్యమో, ఎవరు లేరన్నది కూడా అంత ముఖ్యం.

ఇక గోడ కూలిన చోట్లు చూద్దాం. 1970, 1980 దశకాలలో పిల్లల పత్రికలు, బొమ్మల కథల పుస్తకాలు చదివినవారికి రామ్, శ్యామ్ అనే ఇద్దరు అబ్బాయిలు గుర్తుండే ఉంటారు. గడులు గడులుగా గీసిన చిన్న బొమ్మల కథ అది. ఏదో చిక్కు వస్తుంది. పాపిన్స్ బిళ్లల పుణ్యమా అని ఆ చిక్కు విడిపోతుంది. పేజీ కింద రంగురంగుల బిళ్లల పొట్లం. పెద్దలకు ఇది ముచ్చటగా ఉండేది. ఈనాటికీ చిన్ననాటి జ్ఞాపకంగా ఆ పేజీలను దాచుకున్నవారు ఉన్నారు. నాకూ ఆ బొమ్మల మీద కోపమేమీ లేదు. గీసినవారు పనితనం గలవారు. నా అభ్యంతరం దాని నిర్మాణం మీద.

కథ పిల్లవాడికి కార్యకారణ సంబంధం నేర్పుతుంది. దాహంతో ఉన్నవాడికి నీళ్లిచ్చినవాడికి తరువాత మేలు జరిగింది, అత్యాశకు పోయినవాడు చేతిలోది పోగొట్టుకున్నాడు, తెలివిగలవాడు మాట నేర్పుతో ఉరి తప్పించుకున్నాడు. ఏ మతంవారి జానపద కథలు తీసుకున్నా పని జరిగే తీరు ఇదే. ప్రకటన కథ ఈ తీరును అరువు తెచ్చుకొని, గుణం ఉండవలసిన చోట వస్తువును కూర్చోబెడుతుంది. అబ్బాయి గెలిచినది ధైర్యం వల్ల కాదు, జేబులో ఉన్న పొట్లం వల్ల. అందులో అబద్ధం అని వేలెత్తి చూపదగిన వాక్యం ఒక్కటీ ఉండదు. ఈ బిళ్ల తింటే దొంగలను పట్టవచ్చునని కంపెనీ ఎక్కడా హామీ ఇవ్వదు. హామీ ఇచ్చి ఉంటే కోర్టులో అడగవచ్చు. కథను అడగలేము.

అమెరికాలో దీనికి చాలా పాత ఉదాహరణ ఉన్నది. బోస్టన్ నుంచి 1827 మొదలు 1929 వరకు నడిచిన యూత్స్ కంపానియన్ అనే బాలల పత్రిక కొత్త చందాదారులను తెచ్చిన పిల్లలకు బహుమానాలు ఇచ్చి పేరు తెచ్చుకున్నది. 1892లో ఆ పత్రికే జెండాకు విధేయత తెలిపే ప్రతిజ్ఞను ప్రచురించినది. ఈనాటికీ ఆ దేశపు బడిపిల్లలు చదివే ప్రతిజ్ఞ దాని నుంచి వచ్చినదే. అదే కాలంలో ఆ పత్రిక బడులకు జెండాలు అమ్మే కార్యక్రమం కూడా నడుపుతున్నది. ఆ ప్రతిజ్ఞ రాసినవారి దేశభక్తిని శంకించనవసరం లేదు. అయితే ఏది పాఠం, ఏది బేరం అని ఆనాటి తండ్రి ఎవరైనా అడిగి ఉంటే ఆ పత్రికవారికి కూడా సమాధానం చెప్పడం కష్టమయ్యేది.

పోటీలు, సేకరణలు వేరొక రకం. వీటన్నిటినీ ఒకే గాటన కట్టడం సరికాదు. కేమెల్ రంగులవారు పిల్లల పత్రికలలో బొమ్మ అచ్చువేసి, రంగులు నింపి పంపమని పోటీలు పెట్టేవారు. పిల్లవాడు కూర్చుని రంగులు వేశాడు, చేతికి పని దొరికింది, బహుమతి రాకపోయినా బొమ్మ మిగిలింది. ఇందులో వ్యాపారం ఉన్నది, దాపరికం లేదు. 1980 దశకంలో గోల్డ్ స్పాట్ పానీయం సీసా మూతల కింద జంగిల్ బుక్ జంతువుల బొమ్మలు పెట్టి, వాటిని పోగుచేయమన్నారు. ఇక్కడ పిల్లవాడు చేయవలసిన పని ఒక్కటే: మళ్లీ తాగడం. పది బొమ్మలు చేరిన తరువాత పదకొండవది దొరకని బాధ ఎలాంటిదో ఆ వయసు దాటినవారందరికీ తెలుసు. కొనగలిగినవాడి పుస్తకం నిండుతుంది, కొనలేనివాడు దుకాణం ముందు పడేసిన మూతలు ఏరుకుంటాడు. మొదటి పోటీకీ దీనికీ తేడా చూడగల తల్లి, పత్రికలో పోటీ ఉన్నదా లేదా అని అడగదు. గెలవడానికి పిల్లవాడు ఏమి చేయాలి అని అడుగుతుంది.

ఈ విషయంలో మనకు కొత్త సిద్ధాంతాలు వెతుక్కోవలసిన అవసరం లేదు. దివ్య ఖుర్‌ఆన్‌లోని 83వ సూరాకు కొలతల్లో, తూకాల్లో తగ్గించేవారి పేరే ఉన్నది. దైవప్రవక్త (స) బజారులో ధాన్యపు రాశిలో చేయి పెట్టి, పైన పొడిగా ఉండి లోపల తడిసి ఉన్నదని కనుగొని వ్యాపారిని నిలదీసిన ఉదంతం సహీహ్ ముస్లింలో ఉన్నది. వర్షానికి తడిసిందని అతడు చెప్పుకున్నాడు. తడిసినదాన్ని పైన పెట్టి ఉండవలసింది కదా, జనం చూసుకునేవారు కదా అన్నది దైవప్రవక్త (స) మాటల సారాంశం. తడిసిన ధాన్యం అమ్మవద్దని ఆయన అనలేదన్న సంగతి గమనించవలసి ఉన్నది. కనబడేటట్లు అమ్మమన్నారు. పత్రికలోని ప్రకటనకు కూడా ఇంతకన్న మంచి నియమం దొరకదు.

పిల్లల విషయానికి ఇంకా దగ్గరి ఉదంతం సునన్ అబూ దావూద్‌లో ఉన్నది. అబ్దుల్లా బిన్ ఆమిర్ (రజి) తన చిన్ననాటి సంగతి చెబుతారు. దైవప్రవక్త (స) వారి ఇంట్లో కూర్చుని ఉండగా తల్లి అతణ్ణి, ఇలా వస్తే ఒకటి ఇస్తానంటూ పిలిచింది. ఏమి ఇద్దామనుకున్నావని దైవప్రవక్త (స) ఆమెను అడిగారు. ఖర్జూరం ఇద్దామనుకున్నానని ఆమె అన్నది. ఏమీ ఇవ్వకపోయి ఉంటే అది నీ ఖాతాలో ఒక అబద్ధంగా రాయబడేదని ఆయన చెప్పారు. ఇక్కడ బేరం లేదు, లాభం లేదు, తల్లీబిడ్డల మధ్య ముద్దుమాట. అయినా పసివాడికి ఇచ్చిన మాట మాటే. పెద్దవాడికి ఇచ్చిన మాట తప్పితే అతడు పోట్లాడతాడు, పంచాయితీ పెడతాడు. పసివాడు నమ్మి దగ్గరకు వస్తాడు, అంతే. ఆ నమ్మకానికి పెద్దల లోకంలోని వాగ్దానం కన్నా తక్కువ విలువ ఇవ్వడానికి వీల్లేదని ఈ హదీసు మనకు తెలియజేస్తున్నది.

దీని పక్కన, పాలలో పొడి కలుపుకుని తాగితే బలం వస్తుంది, ఎత్తు పెరుగుతారు, పరీక్షల్లో ముందుంటారు అని ఎన్నో దశాబ్దాలుగా సాగిన ప్రకటనలను పెట్టి చూడండి. 2024 ఏప్రిల్‌లో కేంద్ర వాణిజ్య మంత్రిత్వ శాఖ, బోర్న్‌విటా మొదలైన పానీయాలను 'హెల్త్ డ్రింక్స్' అనే వర్గంలో చూపవద్దని ఆన్‌లైన్ దుకాణాలకు సూచించినది. ఆహార భద్రతా చట్టంలో అలాంటి వర్గానికి నిర్వచనమే లేదన్నది కారణం. తరాల తరబడి తల్లులు ఆ మాట నమ్మి, ఇంటి ఖర్చులో కోత పెట్టుకొని ఆ డబ్బాలు కొన్నారు. ఆ మాటకు చట్టంలో చోటే లేదని తెలియడానికి ఇంతకాలం పట్టింది.

ప్రభుత్వాలు ఏమి చేశాయన్నది క్లుప్తంగా చెబుతాను. అమెరికాలో 1978లో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ సిబ్బంది, టెలివిజన్‌లో పసిపిల్లలను ఉద్దేశించిన ప్రకటనలను నిషేధించాలని ప్రతిపాదించారు. వ్యాపారులు గగ్గోలు పెట్టారు, 1980లో అక్కడి పార్లమెంటు ఆ కమిషన్ అధికారాలకు కత్తెర వేసినది, 1981లో ఆ ప్రయత్నం ఆగిపోయింది. 2004లో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తల సంఘం నియమించిన బృందం, ఎనిమిదేళ్ల లోపు పిల్లలు ప్రకటనలోని ఒప్పించే ఉద్దేశాన్ని గ్రహించలేరని తేల్చి చెప్పింది. స్వీడన్ 1991 నుంచి పన్నెండేళ్ల లోపు పిల్లలను ఉద్దేశించిన టెలివిజన్ ప్రకటనలను ఆపివేసినది. మన దేశంలో 2022 జూన్‌లో వచ్చిన మార్గదర్శకాలు, ఈ వస్తువు కొనమని పిల్లలను నేరుగా పురికొల్పడాన్నీ, కొనిపెట్టమని తల్లిదండ్రులను వేధించేటట్లు చేయడాన్నీ వద్దన్నవి.

వీటన్నిటిలో నన్ను ఆకర్షించినది కెనడాలోని క్యుబెక్ రాష్ట్రపు చట్టం. పదమూడేళ్ల లోపు పిల్లలకు వ్యాపార ప్రకటనలు చేయరాదని 1980 నుంచి అక్కడ అమలులో ఉన్నది. 1989లో కెనడా సుప్రీం కోర్టు కూడా దానిని సమర్థించినది. ఇంత గట్టి చట్టం కూడా మూడు మినహాయింపులు ఇచ్చినది: దుకాణపు కిటికీ, పిల్లల వినోద ప్రదర్శనల ప్రకటన, వెల పెట్టి అమ్మే పిల్లల పత్రిక. పత్రికలోని ప్రకటన అతిశయోక్తులు పలకరాదు, కొనమని పిల్లవాణ్ణి తొందరపెట్టరాదు అనే షరతులు ఉన్నవి గాని ప్రకటన ఉండవచ్చు. పత్రికను నిషేధిస్తే పత్రికే బతకదని వారికి తెలుసు. అంటే లోకంలోని అతి గట్టి చట్టాలలో ఒకటి కూడా పత్రిక దగ్గరకు వచ్చేసరికి కొంత బాధ్యతను ఇంటివారికే వదిలిపెట్టినది.

మన పూర్వులు బజారునూ బడినీ ఒకే కంటితో చూశారు. 1058లో మరణించిన ఇమామ్ మావర్దీ, హిస్బా అధికారి విధులు వివరిస్తూ, బజారులో అతడు పరీక్షించవలసిన వృత్తులవారిలో వైద్యులతో పాటు పిల్లలకు చదువు చెప్పేవారిని కూడా చేర్చారు. వైద్యుడి తప్పు ప్రాణం మీదికి తెస్తుంది, చిన్నతనంలో పట్టుబడిన అలవాటు పెద్దయ్యాక వదలదు అన్నది అక్కడి తర్కం. పిల్లల పత్రిక ఏకకాలంలో దుకాణమూ, బడీ కూడా. ఇప్పుడు ముహ్తసిబ్ లేడు. ఆ తూకపురాళ్లు తల్లిదండ్రుల చేతికి వచ్చినవి.

రెండవ ప్రశ్నకు వద్దాం: విద్యావిలువ. ఈ మాటను మనవారు మరీ సులభంగా నమ్ముతున్నారు. ప్రకటన పిల్లవాడి కోసం, విద్య తల్లిదండ్రుల కోసం అన్నట్లు చాలా పత్రికలు తయారవుతున్నవి. 'విజ్ఞానం', 'వికాసం', 'జ్ఞాపకశక్తి' అని అట్ట మీద అచ్చయితే డబ్బిచ్చేవారి చేయి జేబులోకి పోతుంది. అది కూడా ఒక ప్రకటనే. లోపల చూస్తే దేశాల రాజధానులు, అతి పొడవైన నది, అతి ఎత్తయిన శిఖరం. ఒక సంచికలో ఉన్నవే మరో సంచికలో. పిల్లవాడు వాటిని చూసి పేజీ తిప్పేస్తాడు. అతనికి అక్కరలేని చోట విద్య ఉన్నా లేనట్టే.

మన మతపరమైన పిల్లల పత్రికలు కొన్నిటిలో ఇంకొక లోపం ఉన్నది. వీటిలో ప్రకటనలు ఉండవు, లేదా ఎక్కడో ఒకటి అత్తరు దుకాణానిదో పుస్తకాల దుకాణానిదో ఉంటుంది. ఆ విషయంలో వాటిని మెచ్చుకోవలసిందే. కాని కథ మొదటి వాక్యంలోనే మంచి పిల్లవాడెవరో, చెడ్డ పిల్లవాడెవరో తెలిసిపోతుంది. మంచివాడు ఫజ్ర్ నమాజుకు లేస్తాడు, పరీక్షలో మొదట వస్తాడు. చెడ్డవాడు ఆలస్యంగా లేస్తాడు, కాలు విరుగుతుంది. కొంచెం నిదానంగా ఆలోచిస్తే ఇది బిళ్లల పొట్లం కథకు చాలా దూరంలో లేదు. అక్కడ బిళ్ల వల్ల గెలుపు, ఇక్కడ నమాజు వల్ల మార్కులు. నమాజు చేసి కూడా పరీక్షలో తప్పిన పిల్లవాడు ఈ పత్రిక చదివి ఏమనుకోవాలి? ధర్మాన్ని సరుకులా అమ్మజూపడం ఇది. రాసినవారి ఉద్దేశం మంచిదే కావచ్చు.

ఇమామ్ గజ్జాలీ ఇహ్యాలో పిల్లల పెంపకం గురించి రాస్తూ, బిడ్డ తల్లిదండ్రుల వద్ద ఉంచబడిన అమానతు అని చెప్పిన సంగతి మన ఉపన్యాసకులు తరచు వినిపిస్తారు. అదే చోట ఆయన చెప్పిన మరొక విషయం అంతగా వినిపించరు: మక్తబ్ నుంచి తిరిగివచ్చిన పిల్లవాడిని చక్కగా ఆడుకోనివ్వాలని, ఆట మాన్పించి ఎప్పుడూ చదువే చదువంటే మనసు మొద్దుబారుతుందని, చివరకు అతడు తప్పించుకునే ఉపాయాలు వెతుకుతాడని. పిల్లల పత్రిక ఆ ఆట సమయానికి చెందినది. దానిని ఇంకొక మక్తబ్‌గా మార్చేవారికి గజ్జాలీ మద్దతు లేదు.

ఉర్దూలో ఈ మెలకువ గలవారు ఉండేవారు. లాహోరులో మౌల్వీ సయ్యద్ ముంతాజ్ అలీ 1909లో మొదలుపెట్టిన ఫూల్ వారపత్రిక దాదాపు అర్ధశతాబ్దం నడిచింది. ఇంతియాజ్ అలీ తాజ్, గులాం అబ్బాస్, అహ్మద్ నదీమ్ కాస్మీ వంటి మొదటి వరుస రచయితలు దాని సంపాదకత్వంలో పాలుపంచుకున్నారు. జామియా మిల్లియా వారు 1926 నుంచి పయామె తాలీమ్ నడిపారు. హైదరాబాదులో పుట్టి తరువాత రాష్ట్రపతి అయిన డాక్టర్ జాకిర్ హుసేన్ గారు స్వయంగా పిల్లల కథలు రాశారు. అబ్బూ ఖాన్ మేక కథ అందుకు నిదర్శనం. ఆ మేక స్వేచ్ఛ కోసం తోడేలుతో రాత్రంతా పోరాడి తెల్లవారేసరికి చనిపోతుంది. మార్కులూ రావు, బహుమతీ లేదు. అది మూలంలో ఫ్రెంచి కథ. అయినా ఆ కథ చదివిన ఉర్దూ పిల్లలు దానిని మరచిపోలేదు. ఢిల్లీలో షమా సంస్థవారు 1948లో తెచ్చిన ఖిలౌనా సినిమా పత్రిక లాభాల నీడలో పెరిగినది. రాంపూర్ నుంచి వచ్చిన నూర్ ధార్మిక సంస్థ నీడలో పెరిగినది. ఇద్దరి దారులు వేరు. పిల్లలు మాత్రం రెండిటినీ ఒకే చాప మీద పరచుకొని చదివారు.

ఖర్చు ఎవరు భరించాలన్న ప్రశ్నకు కరాచీలో ఒక విలక్షణమైన జవాబు దొరికింది. హకీమ్ ముహమ్మద్ సయీద్ 1953లో హమ్‌దర్ద్ నౌనిహాల్ ప్రారంభించారు. మందుల కంపెనీ పేరు పత్రిక పేరులోనే ఉన్నది. నౌనిహాల్ అనే పేరుతో ఆ సంస్థకు పసిపిల్లల గ్రైప్ వాటర్ కూడా ఉన్నది. పేజీల లెక్క వేసే తండ్రి ఈ పత్రికను అట్ట చూసి పక్కన పడేయాలి. కాని 1998లో హత్యకు గురయ్యే వరకు హకీమ్ సాహెబ్ ప్రతి నెలా అందులో పిల్లలకు తన మాట రాస్తూ వచ్చారు. మసూద్ అహ్మద్ బర్కాతీ గారు ఆరు దశాబ్దాలకు పైగా సంపాదకత్వం వహించి ఉర్దూ పిల్లల వచనాన్ని కాపాడారు. ఆ సంస్థ వక్ఫ్‌గా మారినందువల్ల పత్రికను లాభం కోసం పిండవలసిన అవసరం రాలేదు. ఎవరి డబ్బో అట్ట మీదనే రాసి ఉన్నది. కథ మధ్యలో మాత్రం షర్బతు సీసా దూరి హీరోను కాపాడకపోతే చాలు. పేరు దాచని పోషకుడు, వేషం మార్చిన ప్రకటనకర్త కన్నా నిజాయితీ గలవాడని నేను అంటాను.

ప్రకటన అసలే వద్దనుకున్నవారి ఉదాహరణ హైలైట్స్. 1946లో అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో మైయర్స్ దంపతులు దానిని ప్రారంభించారు. ఇతరుల వస్తువుల ప్రకటనలు వేసుకోలేదు. అందువల్ల చందాల మీదనే బతకవలసి వచ్చింది. తొలినాళ్లలో ఇంటింటికీ మనుషులను పంపి చందాలు కట్టించుకున్నారు, వైద్యుల గదులలో పత్రిక కనిపించే ఏర్పాటు చేశారు. లోపల అమ్మకం లేకపోతే బయట అమ్మకం రెట్టింపు చేయవలసి వస్తుందన్నమాట. ఆ వెల కట్టగల సమాజం అక్కడ ఉన్నది. ప్రకటనలు లేని పత్రికను చదివే అదృష్టం చందా కట్టగల ఇంటి పిల్లలకే దక్కితే, చౌకపత్రికలోని అంగడి అరుపులన్నీ పేదపిల్లలకు మిగులుతాయి. మన సంస్థలవారు ఆలోచించవలసిన స్థలం ఇది.

ఇంగ్లండులో మరో వింత ఉన్నది. అక్కడి పిల్లల పత్రికల అట్ట మీద ప్లాస్టిక్ బొమ్మలు అతికించి అమ్ముతారు. వేల్స్ దేశపు పదేళ్ల బాలిక ఒకతె ఇదేమి చెత్త అని ఉద్యమం మొదలుపెట్టగా, 2021లో వెయిట్రోజ్ దుకాణాలవారు అలాంటి పత్రికల అమ్మకం మానుకున్నారు. లెగో కంపెనీవారు తమ బొమ్మల గురించి పిల్లల పత్రికను ఉచితంగానే ఇళ్లకు పంపుతూ వచ్చారు. పత్రికకు ప్రకటన తోక అన్న రోజులు పోయి, ప్రకటనకే పత్రిక తోక అయినది.

చందమామ 1998లో ఆగి, మరుసటి సంవత్సరం మళ్లీ మొదలై, 2007లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ చేతిలోకి వెళ్లి, 2013 నాటికి అచ్చులో కనిపించకుండా పోయినది. దాని పాఠకుల మనవలు ఇప్పుడు ఫోను తెర మీద కథలు చూస్తున్నారు. అక్కడ అట్ట లేదు, చివరి పేజీ లేదు. బొమ్మల పెట్టె విప్పి చూపించే పిల్లవాడు కథ చెబుతున్నాడా, అమ్ముతున్నాడా అన్నది పెద్దలకే తెలియదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార చట్టం పిల్లలను గురిపెట్టి వేసే ప్రకటనలను వద్దన్నది. కాని ఫోను ఎక్కువగా తండ్రి పేరుతోనే ఉంటుంది గనుక చూసేది పిల్లవాడని ఆ తెరకు ఎవరు చెప్పాలి? ఈ కారణం చేతనే అచ్చు పత్రిక మీద నాకు మళ్లీ ఆశ కలుగుతున్నది. దానికి హద్దులు గీయవచ్చు.

మనవారు ఎవరైనా తెలుగులో పిల్లల పత్రిక పెట్టదలిస్తే ప్రకటనలు తీసుకోమనే నేను చెబుతాను. అవి నాలుగు అట్టల మీదనే ఉండాలి, ఒక్కొక్కదాని మీద 'ప్రకటన' అని పిల్లవాడు చదవగల అక్షరాలలో అచ్చు వేయాలి, బొమ్మల కథ వేషంలో వచ్చినదాన్ని ఎంత డబ్బిచ్చినా తిప్పిపంపాలి. తినుబండారాల ప్రకటనలను అచ్చుకు పంపేముందు సంపాదకవర్గంలో ఉన్న ఒక తల్లి చదివి సంతకం పెట్టాలి. లోపల కర్నూలు కరీమ్ ఉండాలి, అతని స్నేహితుడు రాముడు ఉండాలి, ఇద్దరూ అప్పుడప్పుడు పరీక్ష తప్పాలి. సంవత్సరానికి ఒకసారి, ప్రకటనల వల్ల ఎంత వచ్చింది, చందాల వల్ల ఎంత వచ్చింది, జకాత్ కాని విరాళాల వల్ల ఎంత వచ్చింది అన్న లెక్కను పిల్లలకు అర్థమయ్యే కూడికల రూపంలోనే ఒక పేజీలో వేయవచ్చు. మూడో తరగతి లెక్కలు వచ్చిన పిల్లవాడు దానిని సరిచూడగలడు.